ఒకే పడుగు మీద నాలుగు చీరలు

నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా అమ్మ చేసిన మొదటి పని మంచం కింది ట్రంకుపెట్టె బయటికి లాగడం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడానికి నన్ను తీసుకున్నారు. ఆడ లెక్చరర్లు చీర కట్టుకునే రావాలన్నది అక్కడి నియమం. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నేను పాఠం చెప్పాల్సిన పిల్లలకు పదహారో పదిహేడో. చుడీదార్ వేసుకుని వెళ్తే వాచ్‌మన్ నన్ను కూడా ఏ సెక్షన్ అని అడిగేలా ఉన్నాడు కాబట్టి ఆ నియమం నా మేలుకే అనుకున్నాను. చిక్కల్లా ఒక్కటే. నాకంటూ ఒక్క చీర కూడా లేదు.

అమ్మ పెట్టెలోంచి నాలుగు చీరలు తీసి, వాటి మడతల్లో ఎండిన వేపాకు దులిపి, మంచం మీద వరసగా పెట్టింది. నాలుగూ నూలు చీరలు. ఒళ్లంతా మీగడ రంగు, దాని మీద ఇటుక రంగూ నలుపూ కలిసిన డైమండ్ డిజైన్. నాలుగింటికీ అదే అంచు, అదే కొంగు.

"నాలుగు చీరలున్నయి. ఇగ నీకేం రంది?" అంది.

"అమ్మా, నాలుగూ ఒక్కటే చీర గదనే!" అన్నాను.

అమ్మకు నా మాట అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. ఒక్కో చీర అంచు వేళ్ల మధ్య పట్టుకుని చెప్పుకుంటూ పోయింది. "ఒక్కటెట్లయితది? గిది ముందుగాల నేసింది, గట్టిగుంటది. గిది రెండోది. గిది మూడోది, మీ బాపుకు బుజం గుంజుతున్నప్పుడు నేసిండు, జర పల్చగుంటది, ఎండకాలం కట్టుకో. గిది కడపటిది, మెత్తగుంటది."

నేనూ వేళ్ల మధ్య పట్టుకుని చూశాను. నాకేమీ తెలియలేదు. నాలుగూ ఒకటే బట్ట.

మాది పోచంపల్లి దగ్గర ఒక ఊరు. బాపు పాతికేళ్లు మగ్గం నేశాడు. మా పనిలో డిజైన్ మగ్గం మీద పుట్టదు, నేతకు ముందే దారంలో పుడుతుంది. గ్రాఫ్ కాగితం మీద గీసుకున్న లెక్క ప్రకారం నిలువు దారాలను, అంటే పడుగును, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరాక ఆ కట్లు విప్పుతారు. దీన్నే మావాళ్లు చిటికి పని అంటారు. మా ఇంట్లో ఒక పడుగుకు నాలుగు చీరలు వచ్చేవి. ఒక్కోదానికి విడిగా కట్టుకుంటూ కూర్చుంటే ఎప్పటికీ తెమలదు కాబట్టి పడుగును మడతలు పెట్టి నాలుగింటికీ కలిపి కట్టేవాళ్లు. ఒక చోట కట్టు పడితే నాలుగు చీరల్లోనూ అదే చోట పడుతుంది. ఒక చోట తప్పితే నాలుగింటిలోనూ అదే చోట తప్పుతుంది.

బాపు వేసిన చివరి పడుగులో తప్పింది. లెక్కలో ఒక వరస జారి, చీర కట్టుకుంటే సరిగ్గా ఎడమ మోకాలి దగ్గరికి వచ్చే చోట, ఒక డైమండ్ అర వేలు పక్కకు జరిగింది. చీరలు కొనే షావుకారు ఆ చోట వేలు పెట్టి చూపించి నాలుగు చీరలూ వెనక్కి ఇచ్చేశాడు. ఆ తర్వాత బాపు ఇంకో పడుగు వేయలేదు. మగ్గం విప్పేసి, మమ్మల్ని వెంటబెట్టుకుని ఎల్బీనగర్ వచ్చి, రెండు గదులు కిరాయికి తీసుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించే పనిలో చేరాడు. పిల్లల చదువు కోసం వచ్చామని చుట్టాలకు చెప్పేవాళ్లం. అది అబద్ధం కాదు. కానీ ఆ నాలుగు చీరల మాట మాత్రం ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

ఆ సాయంత్రం బాపు దుకాణం నుంచి వచ్చి మంచం మీద ఉన్న చీరలు చూశాడు. చేతిసంచి గోడకు తగిలించి, కాళ్లు కడుక్కుని వచ్చి, మళ్లీ చూశాడు. నేను మెల్లగా, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మామూలు చీరలు రెండు కొనుక్కుంటాననీ, ఉతకడం తేలికనీ అన్నాను.

"గా పాలిస్టర్ చీరలే పొద్దుగాల సంది ఇప్పి సూపిస్తుంట. ఇంటికొచ్చినంక నా బిడ్డ ఒంటి మీద గూడ గవే సూడాల్నా?" అన్నాడు. ఒక చీర మడత సవరించి, "నువ్వు కట్టుకుంటె గీ పడుగు దండుగ పోలేదనుకుంట," అన్నాడు.

నాకు ముక్కు మీద కోపం అని ఇంటా బయటా పేరు. ఎదురు మాట ఎప్పుడూ నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు మాత్రం ఆ నాలుగే కట్టుకుంటానని ఒప్పుకున్నాను.

అమ్మ నన్ను మ్యాచింగ్ సెంటర్‌కు తీసుకుపోయి నల్లది ఒకటి, ఇటుక రంగుది ఒకటి జాకెట్టు గుడ్డలు తీయించింది. నాలుగింటికీ ఫాల్ కుట్టించి, పికో చేయించి, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. కాలేజీ తెరిచిన రోజు చీర కట్టి, కుచ్చిళ్లు సర్ది, నాలుగడుగులు వెనక్కి జరిగి చూసి, "మేడమోలెనే ఉన్నవ్," అంది. ఆరు రోజుల వారానికి నాలుగు చీరలు. లెక్కల దాన్ని కదా, సరిపోతాయనే అనుకున్నాను.

నాలుగో రోజుకే బయటపడింది. బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీ నుంచి ఒక గొంతు, "మేడం, మాకు మూడు జతల యూనిఫాం ఇచ్చిన్రు. మీకు ఒక్కటేనా?" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. సుద్దముక్క విసిరితే అది సంబంధం లేని ఇంకో పిల్లవాడికి తగిలింది. ఆ సాయంత్రానికల్లా నేను కాలేజీ మొత్తానికి యూనిఫాం మేడం అయిపోయాను.

వాళ్ల నవ్వు నేను భరించాను. భరించలేకపోయింది ఒక పిల్ల జాలి. ముందు బెంచీలో కూర్చునేది, లెక్కల్లో చురుకు. మరుసటి వారం స్టాఫ్‌రూమ్ బయట నన్ను ఆపి, ఎవరూ వినకుండా, "మేడం, మీరు రోజూ ఉతికి ఆరేసుకుంటరా? వానలు పడుతున్నయి గదా, ఆరుతదా?" అని అడిగింది.

నా దగ్గర ఇలాంటివే నాలుగున్నాయని చెప్పాను. ఆ పిల్ల నా ఎడమ మోకాలి వైపు చూసింది. "కానీ మేడం, గక్కడ ఒక డైమండ్ జరిగింది. నిన్నటి దాంట్ల గూడ గక్కడనే జరిగింది," అంది. ఆమె తర్కంలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. నేను చెప్పిన నిజం అబద్ధంగానూ, ఆమె కనిపెట్టిన అబద్ధం నిరూపణతో సహా నిజంగానూ నిలబడింది. క్లాసుకు వెళ్లమని కసిరాను.

ఇంట్లో పరిస్థితి ఇంకో రకం. రోజూ సాయంత్రం బాపు దుకాణం నుంచి రాగానే, చాయ్ తాగుతూ, వేరే ఏదో మాట్లాడుతున్నట్టే మాట్లాడి, "ఏమన్నరు?" అని అడిగేవాడు. దేని గురించో ఇద్దరికీ తెలుసు.

"డిజైన్ బాగుందన్నరు," అన్నాను మొదటి రోజు.

"ఎవరన్నరు?"

"ఇంగ్లిష్ మేడం."

అప్పటికి నాకు ఇంగ్లిష్ మేడంతో పరిచయమే కాలేదు. అబద్ధం ఒకటి చెప్పాక దాన్ని రోజూ మేపాలి. మరుసటి వారం కెమిస్ట్రీ సార్ భార్యకు అలాంటిదే కావాలన్నాడు. ఆ తర్వాత ఫీజు కట్టడానికి వచ్చిన ఒక తల్లి కొంగు పట్టుకుని చూసింది. బాపు ప్రతిదానికీ తలూపి, ఇంకేమీ అడగకుండా చాయ్ గ్లాసు కింద పెట్టేవాడు. నెల తిరిగేసరికి దుకాణంలో తోటివాళ్లతో కూడా ఈ సంగతులన్నీ చెప్తున్నాడని అమ్మ చెప్పింది.

అసలు ఇంగ్లిష్ మేడం ఆ తర్వాత పరిచయమైంది. గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన మనిషి. ఇరవై ఏళ్ల నుంచి పాఠాలు చెప్తోంది. ఆమె కట్టిన చీర మళ్లీ కట్టినట్టు ఎవరికీ అనిపించేది కాదు. ఒక రోజు అడిగేశాను. ఆమె రహస్యం చెప్పినట్టు గొంతు తగ్గించి, "చీరలు కొనకండి, జాకెట్లు కుట్టించండి. పది చీరలుంటే నాకు పాతిక జాకెట్లున్నాయి. సోమవారం పిన్ను పెట్టి కట్టింది వచ్చే బుధవారం కొంగు వదిలేసి కట్టండి. మెళ్లో పూసలు మార్చండి. అంతే. పిల్లలు జాకెట్టే చూస్తారు, చీర చూడరు," అంది.

నేను నమ్మి ఇంకో మూడు జాకెట్లు కుట్టించాను. ఆకుపచ్చది వేసుకుని వెళ్లిన రోజు కారిడార్‌లో ఒకడు తన పక్కవాడితో, "చీర గదేరా, జాకెట్ కొత్తది," అనడం నా చెవిన పడింది.

ఇంగ్లిష్ మేడంకు అప్పుడు అసలు సంగతి చెప్పాను. నాలుగు చీరలూ ఒకటేనా అని ఆమె కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "ఎవరండీ బాబూ అలా కొన్నది?"

"కొన్నవి కాదు. మా నాన్న నేశారు."

ఆమె నవ్వు ఆపింది. నా కొంగు చివర చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "బాగుందండీ," అంది. మూడు నెలలుగా ఆమె పేరున నేను చెప్తున్న మాట చివరికి ఆమె నోటి నుంచే వచ్చింది. నాకు సంతోషం కలగాల్సింది. ఏడుపొచ్చింది.

ఆ ఏడు తెలంగాణ ఉద్యమం జోరుమీద ఉంది. వారానికి ఒక బంద్, రెండు రోజులు రాస్తారోకో. బస్సులు ఆగిపోతే ఎల్బీనగర్ నుంచి కొత్తపేట మీదుగా నడిచే కాలేజీకి వెళ్లేదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో కిటికీ వైపు కుర్చీల్లో కోస్తా వాళ్లు, తలుపు వైపు కుర్చీల్లో మేము. ఎవరూ చెప్పకుండానే అలా సర్దుకుంది. మాటలన్నీ సిలబస్ మీదే నడిచేవి. సిలబస్ మాత్రం నడిచేది కాదు. పిల్లలు సగం రోజులు ర్యాలీల్లో ఉండేవాళ్లు.

అలాంటి రోజుల్లో ప్రిన్సిపాల్ పిలిచాడు. ఆయనదీ కోస్తానే, నెమ్మదైన మనిషి. ఆ ఏడు లెక్కలకు ఇద్దరిని తీసుకున్నారు, నేనూ ఇంకొక అబ్బాయీ. క్లాసులే జరగడం లేదు కాబట్టి అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత ఒక్కరినే ఉంచుతామని చెప్పాడు. చెప్పి, బల్ల మీది పేపర్‌వెయిట్ అటూ ఇటూ జరిపాడు.

"మీ టీచింగ్ గురించి ఒక్క మాట కూడా రాలేదమ్మా. ఏమీ అనుకోనంటే ఒకటి చెప్తాను. ఇద్దరు పేరెంట్స్ అడిగారు, ఆ మేడం రోజూ అదే చీర కట్టుకొస్తారేంటండీ అని. చూసేవాళ్లకి కాలేజీ ఎలా కనపడుతుంది చెప్పండి. కొంచెం చూసుకోండమ్మా."

సరే సార్ అని బయటికి వచ్చాను. ఒళ్లు మండిపోయింది. ఆ రెండో అబ్బాయికి ఉన్నవి రెండు చొక్కాలు, ఒకటి తెల్లది, ఒకటి లేత నీలం. జూన్ నుంచి అవే మార్చి మార్చి వేస్తున్నాడు. వాటిని లెక్కపెట్టిన తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరూ లేరు. ఆ కోపం ప్రిన్సిపాల్ మీద సగం, నా మీద సగం. కానీ నాకు ఆ ఉద్యోగం కావాలి. మా ఇంట్లో నెల మొదట్లో జీతం తెచ్చే చదువు చదివింది నేనొక్కదాన్నే. అది పోతే మళ్లీ ట్యూషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి.

కొత్త చీరలు కొంటే బాపుకు ఇచ్చిన మాట పోతుంది. కొనకపోతే ఉద్యోగం పోతుంది. రెండు రోజులు ఆలోచించి నేను కనిపెట్టిన తెలివి ఇది. చీర అదే ఉంచి రంగు మారిస్తే కొన్నట్టూ కాదు, అదే కట్టినట్టూ కాదు.

ఎల్బీనగర్‌లో మా ఇంటికి రెండు గల్లీల అవతల పాత బట్టలకు రంగు వేసే దుకాణం ఒకటి ఉండేది. పెట్టెలో చెయ్యి పెడితే మెత్తగా తగిలిన చీర ఒకటి తీసుకుపోయాను. దుకాణంలో పెద్దాయన చీర విప్పి, వెలుతురుకు పట్టుకుని చూసి, నా వైపు చూశాడు.

"మంచి చిటికి చీర గదమ్మా. దీని మీద రంగెందుకు?"

"వేయాలి," అన్నాను.

"ఇన్ని రంగులున్నదాని మీద నలుపు తప్ప ఇంకోటి సమంగా పట్టదు. పోయే రంగెయ్యాల్నా, పోని రంగా? పోని రంగేస్తే ఇగ ఎన్నటికీ పోదు. సోచాయించుకో."

"పోకుండా వేయండి," అన్నాను.

మూడో రోజు చీర చేతికి వచ్చింది. నల్లగా నిగనిగలాడుతోంది. ఎండకు ఎదురుగా పట్టుకుంటే తప్ప డిజైన్ కనిపించడం లేదు. జరిగిన డైమండ్ ఎక్కడుందో నాకే దొరకలేదు. నిజం చెప్పాలంటే నాకు చాలా హాయిగా అనిపించింది. ఒకసారి నీళ్లలో జాడించి డాబా మీద తీగకు ఆరేశాను. బాపుకు సమయం చూసి చెప్దాంలే అనుకున్నాను.

ఆ సమయం నేను చూడలేదు, అదే వచ్చింది. మరునాటి నుంచి బంద్ అని టీవీలో వచ్చేసరికి బాపు పనిచేసే దుకాణం మధ్యాహ్నమే మూసేశారు. బాపు ఇంటికి వచ్చి, నేను డాబా మీద ఉన్నానని అమ్మ చెబితే నేరుగా పైకే వచ్చాడు. తీగ మీద చీర చూశాడు. పక్కింటి వాళ్లదనుకుని దాటిపోబోయి, ఎందుకో ఆగి, అంచు వేళ్ల మధ్య పట్టుకున్నాడు.

"గిది కడపటిది గదా," అన్నాడు.

నేను తీగ మీద చీర మడత సర్దాను.

"బాగుందన్నరంటివి."

"బాగుందని ఎవ్వరన్లే బాపు. నాకు ఒక్కటే చీర ఉన్నదనుకున్నరు. రోజు గదే ఉతికి కట్టుకుంటున్ననుకున్నరు. నౌకరి పోయేటట్టున్నది." అక్కడితో ఆగితే సరిపోయేది. అన్ని నెలలు మేపిన అబద్ధం బరువంతా నా నోట్లోకి వచ్చింది. "డైమండ్ జరిగిన కాడ చూసి గుర్తుపట్టిన్రు," అన్నాను.

ఆ మాట అనాల్సిన అవసరం లేదు. ఇన్నేళ్లయినా, నేను అన్న మాటల్లో ఒకటి వెనక్కి తీసుకునే వీలుంటే అదే తీసుకుంటాను. బాపు ముఖంలో కోపం లేదు. చీర వదిలేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఎవరు గుర్తుపట్టిన్రు?"

"ముందు బెంచీల పిల్ల."

"మంచి సూపున్నది," అని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి బాపు ఇంట్లో లేడు. నాగోల్‌లో మా ఊరి మనిషి ఒకాయన నేతకు రంగులు సప్లై చేసేవాడు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. అంత దూరం నడిచి వెళ్లి, నడిచి వచ్చాడు. చేతిలో నాలుగైదు రంగుల పొట్లాలు. అమ్మతో, "పెద్ద బగోన తియ్యి. కడుమ చీరలు గూడ తియ్యి," అన్నాడు. బగోన అంటే గిన్నె, కడుమ అంటే మిగిలినవి.

అమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

ఇంటి ఓనర్‌ను అడిగి డాబా మీద ఇటుకల పొయ్యి పెట్టాడు. ఏ రంగులన్న చర్చ కాసేపు జరిగింది. అమ్మ గులాబీ బాగుంటుందంది. ఆ రోజుల్లో గులాబీ ఉద్యమం జెండా రంగు, అది కట్టుకుంటే చీర కట్టుకున్నట్టు కాదు, ఒక మాట అన్నట్టు. "గులాబీ కట్టుకపోతే ప్రిన్సిపాల్ ఒగటి అనుకుంటడు. రేపు కట్టకపోతే పోరగాండ్లు ఇంకోటి అనుకుంటరు. దాన్ని లెక్కలు చెప్పుకోనియ్యి," అన్నాడు బాపు. చివరికి నీలం, ఆవాల పసుపు, ఆకుపచ్చ ఖాయమయ్యాయి. సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మీద కండువాలు వేసుకున్న ర్యాలీ ఒకటి నినాదాలిస్తూ పోయింది. బాపు రంగు కర్ర చేతిలో పట్టుకునే గోడ దగ్గరికి వెళ్లి, జై తెలంగాణ అని గట్టిగా అరిచి, వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

ఊళ్లో బాపు రంగు వేయడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఉప్పు కొలిచి వేసి, నూలును చాలాసేపు ఉడకనిచ్చి, తిప్పి తిప్పి తీసేవాడు. ఈసారి చీర ముంచి, నాలుగైదుసార్లు తిప్పి, బయటికి తీసేశాడు. ఉప్పు వేయనే లేదు.

"బాపు, ఇంకా జరసేపు ఉంచవా? రంగు పోతదేమో," అన్నాను. నేను మాట్లాడే అర్హత పోగొట్టుకున్నదాన్ననే సంగతి మరిచిపోయి అన్నాను.

"సాలు," అన్నాడు.

మూడు చీరలు తీగ మీద వరసగా ఆరాయి. మీగడ రంగు పోయి నీలం, పసుపు, ఆకుపచ్చ వచ్చాయి. డైమండ్లు పోలేదు, ఒక్కోదానిలో ఒక్కో రకంగా లోపలికి ముదిరి కనిపించాయి. కొత్తగా కుట్టించిన మూడు జాకెట్లు వేటికవి సరిపోయాయి. ఇంగ్లిష్ మేడం చెప్పిన లెక్కకు ఇప్పుడు అర్థం వచ్చింది.

బంద్ ముగిసి కాలేజీ తెరిచారు. నీలం చీరలో క్లాసులోకి వెళ్తే వెనక బెంచీ గొంతు, "మేడం, జీతం పడ్డట్టున్నది," అంది. నేనూ నవ్వాను. ముందు బెంచీ పిల్ల మాత్రం నవ్వలేదు. నా ఎడమ మోకాలి వైపు చూసింది, వెతికింది, దొరికింది. తలెత్తి నా ముఖం చూసింది. నోటుబుక్కు తెరిచింది. ఆ పిల్ల మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత నన్ను ఉంచారు. ఆ అబ్బాయి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఇంకో కాలేజీలో చేరాడు. ప్రిన్సిపాల్ కాగితం చేతికిస్తూ, "ఇప్పుడు చూడ్డానికి కూడా బాగుందమ్మా," అన్నాడు. పాఠం నేను జూన్‌లో చెప్పినట్టే చెప్తున్నాను కదా అని నోటిదాకా వచ్చింది. మింగేసి థాంక్స్ చెప్పాను. సాయంత్రం బాపు, "ఏమన్నరు?" అని అడిగాడు. బాగుందన్నారని చెప్పాను. ఆ రోజు అది నిజం.

తర్వాత రాష్ట్రం వచ్చింది. నేను అదే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఇంకో కాలేజీకి మారాను, పెళ్లయింది, పెళ్లయినా చీరలు కట్టుకునేది క్లాసులకే. ఇప్పుడు కొత్తగా చేరిన ఆడపిల్లలకు నేనే సలహాలిస్తుంటాను. ముదురు రంగువి మూడు, లేత రంగువి రెండు తీసుకో, అంచు మరీ కొట్టొచ్చినట్టు ఉంటే పిల్లలకు గుర్తుండిపోతుంది, నలుపు జాకెట్టు అన్నిటికీ పనికొస్తుంది. ఒకే పడుగు మీది నాలుగు మాత్రం కట్టొద్దని కూడా చెప్తాను. ఎవరికీ అర్థం కాదు.

బాపు రంగు వేసిన చీరలు ఉతికిన ప్రతిసారీ బకెట్టు నీళ్లు రంగు తేలేవి. రెండేళ్లకు నీలం బూడిద రంగులోకి దిగింది. పసుపు అంతకంటే ముందే పలచబడింది. రాష్ట్రం వచ్చేనాటికి మూడింటిలోనూ ఇటుక రంగు డైమండ్లు స్పష్టంగా బయటపడ్డాయి, వాటి వెనక మీగడ రంగు. ఒక ఆదివారం పుట్టింటికి వెళ్లినప్పుడు బాపును దెప్పాను.

"నాసిరకం రంగు తెచ్చినవ్ బాపు. మొత్తం పోయింది సూడు."

బాపు నా కొంగు చేతిలోకి తీసుకుని, అద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. "నాసిరకం కాదు. ఉప్పేసి ఉడకబెడ్తె నిలుస్తుండె. కావాల్ననే ఎయ్యలే."

"ఎందుకు?"

"నీ నౌకరి నిలబడేదాక ఆగితె సాలనుకున్న. అటెంక మనది మనకు రావద్దా?"

ఆయన పొయ్యి ముందు కూర్చుని ఆ మూడు చీరలు చటుక్కున పైకి తీసింది గుర్తొచ్చింది. నౌకరి పోయేటట్టుందని నేనన్న మాట కూడా ఆయన విన్నాడు, డైమండ్ గురించి అన్నదే కాదు.

ఈ మధ్య స్టాఫ్‌రూమ్‌లో ఒక కొత్తమ్మాయి నా చీర చూసి, ఎక్కడ కొన్నారు మేడం, ఇలాంటిది ఇంకోటి దొరుకుతుందా అని అడిగింది. ఇలాంటివి నా దగ్గర మూడున్నాయని చెప్పాను. జరిగిన డైమండ్ కూడా చూపించాను.

నాలుగోది బీరువాలో ఉంది. సర్ఫులో నానబెట్టాను, ఎండలో వారాల తరబడి ఆరేశాను, ఎవరో చెబితే నిమ్మరసం కూడా పట్టించాను. బాపు తన జీవితంలో నేసిన కడపటి చీర అది. ఇంకా నల్లగానే ఉంది. పోకుండా వేయమని చెప్పింది నేనే.